జాంగో, పోస్ట్‌గ్రెస్: మ్యాక్స్ కనెక్షన్స్ 500 చేసినా సైట్ ఎందుకు కూలింది, ఎంత పెట్టాలి?

మీరు వివరించిన పరిస్థితిని ముందుగా ఒకచోట చేర్చి చెబుతాను. నేను ఇచ్చే అంకెలన్నీ దీని మీదే ఆధారపడతాయి. కాలేజీ ఫీజుల చెల్లింపు కోసం జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) 5.1లో రాసిన వెబ్ అప్లికేషన్ మీది. అప్లికేషన్ సర్వర్లు మూడు. ఒక్కొక్క దానిలో జాంగోను నడిపే గునికార్న్ సర్వర్ 5 వర్కర్లతో (విడి ప్రాసెస్‌లతో), వర్కర్‌కు రిక్వెస్టులను ఏకకాలంలో నడిపే 8 థ్రెడ్ల చొప్పున నడుస్తోంది. రసీదులు, ఎస్ఎంఎస్‌లు, రిపోర్టుల కోసం రెండు సెలరీ (వెనకాల పనులు నడిపే ప్రోగ్రామ్) మెషీన్లు ఉన్నాయి. ఒక్కొక్క దానిలో 8 ప్రాసెస్‌లు. అన్నిటికీ కలిపి 4 కోర్లు, 16 జీబీ మెమరీ ఉన్న ఒకే పోస్ట్‌గ్రెస్ 16 డేటాబేస్ సర్వర్. మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు. ఫీజు గడువు ముగిసే రోజున మాత్రం "సారీ, టూ మెనీ క్లయింట్స్ ఆల్‌రెడీ" అన్న ఎర్రర్ వచ్చేది. దానికి విరుగుడుగా మ్యాక్స్ కనెక్షన్స్‌ను (డేటాబేస్ అనుమతించే కనెక్షన్ల గరిష్ఠ సంఖ్యను) 100 నుంచి 500కు పెంచారు. తర్వాతి గడువు రోజున ఆ ఎర్రర్ రాలేదు గానీ, సైట్ అంతా నెమ్మదించి, చివరికి డేటాబేసే పడిపోయి, "రికవరీ మోడ్‌లో ఉంది" అన్న సందేశం వచ్చింది. ఇప్పుడు 1000 పెట్టాలా, పెద్ద సర్వర్ తీసుకోవాలా అని అడిగారు.

రెండూ వద్దు. మ్యాక్స్ కనెక్షన్స్‌ను తిరిగి 100కే తెచ్చి, అందులోనూ ఏకకాలంలో నిజంగా పని చేసేవి 20కి మించకుండా డేటాబేస్ ముందు కనెక్షన్లను పంచిపెట్టే పీజీబౌన్సర్ అనే ప్రోగ్రామ్ పెట్టి, మీ పేమెంట్ వ్యూలో (చెల్లింపు రిక్వెస్ట్‌కు జవాబిచ్చే ఫంక్షన్‌లో) పేమెంట్ గేట్‌వే కాల్‌ను ట్రాన్సాక్షన్ (మొత్తంగా కమిట్ అయ్యే, లేదా మొత్తంగా రద్దయ్యే డేటాబేస్ పనుల కట్ట) బయటికి తీసుకువస్తే, ఇప్పుడున్న సర్వరే సరిపోతుందని నా అంచనా. ఈ మూడింటిలో అన్నిటికంటే ముఖ్యమైనది మూడవది. మీరు ప్రశ్నలో దాని గురించి అడగలేదు, కానీ మీరు అతికించిన కోడ్‌లో అసలు జబ్బు అక్కడే ఉంది. (సెట్టింగుల పేర్లను ఇక్కడ పలికినట్టుగా తెలుగులో రాస్తున్నాను, ఫైళ్ళలో ఆ పదాల మధ్య అండర్‌స్కోర్ ఉంటుందని గుర్తుంచుకోండి.)

మొదట ఎర్రర్ ఎందుకు వచ్చిందో లెక్క చూద్దాం. జాంగోలో డేటాబేస్ కనెక్షన్ అప్లికేషన్ మొత్తానికి ఒకటి కాదు, వర్కర్‌కు ఒకటీ కాదు. ప్రతి థ్రెడ్‌కూ తనదంటూ ఒక కనెక్షన్ ఉంటుంది. మీరు కాన్ మ్యాక్స్ ఏజ్‌ను (కనెక్షన్‌ను తెరిచి ఉంచే గడువును) 600 సెకన్లుగా పెట్టారు కాబట్టి, రిక్వెస్ట్ ముగిసినా ఆ కనెక్షన్ మూతపడదు. 3 సర్వర్లు, 5 వర్కర్లు, 8 థ్రెడ్లు కలిపి గుణిస్తే 120. సెలరీ వైపు నుంచి మరో 16. మొత్తం 136. పోస్ట్‌గ్రెస్‌లో మ్యాక్స్ కనెక్షన్స్ డిఫాల్ట్‌గా 100. అందులో 3 సూపర్‌యూజర్ (అన్ని హక్కులూ ఉన్న యూజర్) కోసం కేటాయించి ఉంటాయి కాబట్టి మామూలు యూజర్లకు దక్కేవి 97. అంటే మీ సెట్టింగుల ప్రకారమే ఏదో ఒక రోజు ఈ ఎర్రర్ రావలసి ఉంది. కొత్త వెర్షన్ డిప్లాయ్ చేసేటప్పుడు పాత వర్కర్లు చేతిలో ఉన్న రిక్వెస్టులు ముగించుకుంటూ ఉండగానే కొత్తవి లేచి కనెక్షన్లు తెరుస్తాయి కాబట్టి, ఆ కొద్దిసేపు లెక్క ఇంకా పెరుగుతుంది.

మరి మామూలు రోజుల్లో ఎందుకు రాలేదన్నది సహజంగా వచ్చే సందేహం. గునికార్న్ థ్రెడ్ వర్కర్ 8 థ్రెడ్లనూ మొదటే సృష్టించదు. ఖాళీ థ్రెడ్ ఉంటే దాన్నే వాడుకుంటుంది, లేనప్పుడే కొత్తది పుట్టిస్తుంది. రద్దీ తక్కువగా ఉన్నప్పుడు వర్కర్‌కు రెండు మూడు థ్రెడ్లతోనే పని గడిచిపోతుంది. గడువు రోజున ఎనిమిదీ పుడతాయి, ఎనిమిది కనెక్షన్లూ తెరుచుకుంటాయి. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. 600 సెకన్లు గడిచిందా లేదా అని జాంగో చూసేది ఆ థ్రెడ్‌లో ఏదైనా రిక్వెస్ట్ మొదలయ్యేటప్పుడు, ముగిసేటప్పుడు మాత్రమే. రద్దీ తగ్గాక ఏ రిక్వెస్టూ రాని థ్రెడ్ చేతిలోని కనెక్షన్, పది నిమిషాలు కాదు, మర్నాటి దాకా అయినా అలాగే తెరిచి ఉండగలదు.

ఇక 500 పెట్టినప్పుడు ఏమైందో చూద్దాం. పోస్ట్‌గ్రెస్ ప్రతి కనెక్షన్‌కూ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక ప్రత్యేక ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. మైఎస్‌క్యూఎల్ మాదిరిగా థ్రెడ్ కాదు. ఊరికే తెరిచి ఉన్న కనెక్షన్ల భారం 2021లో వచ్చిన 14వ వెర్షన్ తర్వాత బాగా తగ్గింది కాబట్టి, ఖాళీగా ఉన్న కనెక్షన్లకు మరీ భయపడనవసరం లేదు. ప్రమాదమంతా అవన్నీ ఒకేసారి పనిలోకి దిగినప్పుడే. నాలుగు కోర్ల మీద ఒక క్షణంలో నడవగలిగేవి నాలుగు ప్రాసెస్‌లే. మిగతావి వంతు కోసం, డిస్క్ కోసం, ఒకదాని లాక్ కోసం మరొకటి కాచుకుని ఉంటాయి. ఒక్కొక్క క్వెరీకి పట్టే సమయం పెరుగుతుంది, దానితో ఒక్కొక్క లాక్ పట్టుకుని ఉండే సమయమూ పెరుగుతుంది, దానితో మరిన్ని క్వెరీలు వచ్చి పోగుపడతాయి.

మెమరీ లెక్క ఇంకా కఠినమైనది. రిపోర్టులు వేగంగా రావడం కోసం వర్క్ మెమ్‌ను (క్వెరీ పనులు వాడుకోగల మెమరీ పరిమితిని) డిఫాల్ట్ 4 ఎంబీ నుంచి 64 ఎంబీకి పెంచామని రాశారు. ఈ పరిమితి కనెక్షన్‌కు ఒకటి చొప్పున వర్తించదు. ఒక క్వెరీలో జరిగే ఒక్కొక్క సార్టింగ్‌కూ, ఒక్కొక్క హ్యాషింగ్‌కూ విడివిడిగా వర్తిస్తుంది. పైగా 15వ వెర్షన్ నుంచి హ్యాష్ పనులకు డిఫాల్ట్‌గా దానికి రెట్టింపు దాకా అనుమతి ఉంది. మీరు తెరవగల 136 కనెక్షన్లూ తలా ఒక్క హ్యాష్ పనే చేసుకున్నా సిద్ధాంతరీత్యా దాదాపు 17 జీబీ అడగగలవు. మీ దగ్గర ఉన్నది 16. మెమరీ అయిపోయినప్పుడు లినక్స్ ఏదో ఒక ప్రాసెస్‌ను బలవంతంగా చంపుతుంది. అది పోస్ట్‌గ్రెస్ కనెక్షన్ ప్రాసెస్ అయితే, అందరూ పంచుకునే మెమరీ పాడై ఉండవచ్చన్న జాగ్రత్తతో పోస్ట్‌గ్రెస్ మిగతా కనెక్షన్లన్నింటినీ తెంచి, లాగ్‌ల నుంచి రికవరీ చేసుకుని మళ్ళీ మొదలవుతుంది. మీకు కనిపించిన "రికవరీ మోడ్" సందేశం చాలావరకు ఇదే అయి ఉండాలి. సర్వర్ కెర్నల్ లాగ్‌లో ఆ సమయానికి ఓఓఎం కిల్లర్ (మెమరీ చాలనప్పుడు ప్రాసెస్‌లను చంపే లినక్స్ భాగం) పేరుతో లైన్ ఉందేమో చూస్తే తేలిపోతుంది.

అయితే ఎన్ని కావాలి? పోస్ట్‌గ్రెస్ వికీలో చాలాకాలంగా ఉన్న ఒక మొదటి అంచనా ఉంది: కోర్ల సంఖ్యను రెండుతో గుణించి, డిస్క్ స్పిండిళ్ళ (తిరిగే డిస్కుల) సంఖ్యను కలపాలి. 4 కోర్లకు అది 9 లేదా 10 వస్తుంది. ఎస్ఎస్‌డీలు వచ్చాక స్పిండిల్ మాటకు అర్థం పల్చబడింది గానీ, సంఖ్య ఏ పరిమాణంలో ఉండాలో ఈ సూత్రం ఇప్పటికీ సరిగానే చెబుతుంది. క్లౌడ్‌లో ఇచ్చే వర్చువల్ సీపీయూ చాలా రకాల ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో ఒక పూర్తి కోర్ కాదనీ, కోర్‌లో ఒక హైపర్‌థ్రెడ్ మాత్రమేననీ గుర్తుంచుకుంటే, మీ నాలుగు నిజానికి రెండే కావచ్చు కూడా.

దీన్ని మీ రద్దీతో సరిచూసుకోవడానికి లిటిల్ సూత్రం ఉంది. 1961లో జాన్ లిటిల్ నిరూపించినది. సెకనుకు వచ్చే పనుల సంఖ్యను ఒక్కొక్క పని కనెక్షన్‌ను పట్టుకుని ఉండే సమయంతో గుణిస్తే, సగటున ఒక క్షణంలో వాడుకలో ఉండే కనెక్షన్ల సంఖ్య వస్తుంది. గడువు రోజున సెకనుకు 300 రిక్వెస్టులు వస్తున్నాయన్నారు. ఒక్కొక్కటి డేటాబేస్‌తో గడిపే సమయం 20 మిల్లీసెకన్లు అనుకుంటే, 300 × 0.02 = 6. ఆరు కనెక్షన్లు! సగటు కాబట్టి ఎగుడుదిగుడుల కోసం రెట్టింపు చేసుకున్నా పన్నెండే. మీ వెబ్ వైపు 120 ఉన్నాయి.

తిరుమలలో రద్దీ పెరిగిన రోజున గర్భాలయం ముందుకు ఎక్కువమందిని వదిలితే దర్శనం వేగం పెరగదు. జనాన్ని వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లలో నిలిపి, లోపల కదలిక ఆగకుండా చూస్తారు. క్యూ ఎలాగూ ఉంటుంది. అది డేటాబేస్ లోపల ఏర్పడితే ప్రతి ఒక్కరూ మెమరీని, లాక్‌లను పట్టుకుని మరీ ఎదురుచూస్తారు. డేటాబేస్ బయట పూల్ (అందరూ పంచుకునే కొద్ది కనెక్షన్ల గుంపు) దగ్గర ఏర్పడితే ఎదురుచూసేవారికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా. సెట్టింగులన్నిటినీ ఈ ఒక్క ఉద్దేశంతోనే, డేటాబేస్ భరించగలిగే సంఖ్యను ముందు ఖాయం చేసుకుని అక్కడినుంచి అప్లికేషన్ వైపు వెనక్కి లెక్క వేసుకుంటూ నిర్ణయించాలి. సాధారణంగా జరిగేది దీనికి తలకిందులు: అప్లికేషన్‌కు ఎన్ని కావాలనిపిస్తే అన్ని పెట్టి, డేటాబేస్‌ను దానికి సరిపోయేలా సాగదీయాలని చూస్తారు.

ఆరు చాలన్నప్పుడు 100 ఎలా నిండాయన్న ప్రశ్న మిగిలింది. లిటిల్ సూత్రంలో రెండవ అంకె, అంటే పట్టుకుని ఉండే సమయం, 20 మిల్లీసెకన్లు కాదన్నమాట. మీరు పంపిన పేమెంట్ వ్యూలో జరుగుతున్నది ఇది: అటామిక్ రిక్వెస్ట్స్ ట్రూ అని ఉంది కాబట్టి వ్యూ మొత్తం ఒకే ట్రాన్సాక్షన్. వ్యూ మొదట్లో విద్యార్థి ఫీజు వరుసను (టేబుల్‌లోని రోను) సెలెక్ట్ ఫర్ అప్‌డేట్‌తో లాక్ చేసి తెస్తున్నారు, ఒక పేమెంట్ వరుస రాస్తున్నారు, తర్వాత రిక్వెస్ట్స్ లైబ్రరీతో పేమెంట్ గేట్‌వేను పిలిచి జవాబు కోసం ఆగుతున్నారు, జవాబు వచ్చాక స్థితి మార్చి పేజీ పంపుతున్నారు. గేట్‌వే మామూలుగా 3 సెకన్లలో జవాబిస్తుందనుకుందాం. సెకనుకు 10 చెల్లింపులు వస్తే 10 × 3 = 30 కనెక్షన్లు కేవలం ఎదురుచూస్తూ ఉంటాయి. గడువు రోజున బ్యాంకుల వైపు రద్దీ వల్ల అదే జవాబుకు 15 సెకన్లు పడితే 150 కావాలి, అంటే మీ వెబ్ వైపు ఉన్న 120 కూడా చాలవు. మీ కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండానే, మీ ట్రాఫిక్ పెరగకుండానే, ఎక్కడో మరొకరి సర్వర్ నెమ్మదించినందుకు మీ డేటాబేస్ నిండిపోతుంది. దీనికి తోడు రిక్వెస్ట్స్ లైబ్రరీకి మీరు టైమౌట్ ఇవ్వకపోతే అది ఎంతసేపైనా ఆగుతుంది. మీ కోడ్‌లో ఇవ్వలేదు.

ఇది ఊహ కాదని మీరే నిర్ధారించుకోవచ్చు. రద్దీ సమయంలో పీజీ స్టాట్ యాక్టివిటీ వ్యూను (ఇప్పుడున్న కనెక్షన్లను చూపే పోస్ట్‌గ్రెస్ పట్టికను, జాంగో వ్యూ కాదు) స్టేట్ వారీగా లెక్కించండి. యాక్టివ్ అన్నవి నిజంగా పని చేస్తున్నవి. ఐడిల్ అన్నవి ఊరికే తెరిచి ఉన్నవి. ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ అని కనిపించేవే మీ శత్రువులు. వాటి వెయిట్ ఈవెంట్ గడిలో క్లయింట్ రీడ్ అని ఉంటుంది. డేటాబేస్ తన పని ముగించుకుని మీ అప్లికేషన్ తర్వాత ఏం చెబుతుందా అని ఎదురుచూస్తోందని దాని అర్థం. క్వెరీ గడిలో అప్పుడు కనిపించేది నడుస్తున్న క్వెరీ కాదు, చివరగా ముగిసిన క్వెరీ. ఇది తెలియక ఏ పాపమూ ఎరుగని ఒక చిన్న క్వెరీని పట్టుకుని దానికి ఇండెక్సులు వేస్తూ కూర్చునేవారిని చూశాను. ఇవి పట్టుకుని ఉన్న కనెక్షన్‌తోనే నష్టం ఆగదు. లాక్ చేసిన వరుస కోసం మరొకరు ఆగుతారు. విద్యార్థి పేజీ కదలడం లేదని రెండోసారి నొక్కితే వచ్చేది సరిగ్గా ఆ రెండవ రిక్వెస్టే. ఏదైనా రాసి కమిట్ చేయకుండా నిలిచిపోయిన ట్రాన్సాక్షన్ ఉన్నంతసేపు, దాని తర్వాత పాతబడిన వరుసలను పోస్ట్‌గ్రెస్‌ను శుభ్రం చేసే వ్యాక్యూమ్ పని తొలగించలేదు కూడా.

సరిచేసే పద్ధతి ఇదీ. పేమెంట్ వ్యూను నాన్ అటామిక్ రిక్వెస్ట్స్ డెకరేటర్‌తో, అంతా ఒకే ట్రాన్సాక్షన్ అన్న నియమం నుంచి తప్పించి, పనిని మూడు ముక్కలు చేయండి. మొదటి చిన్న ట్రాన్సాక్షన్‌లో ఫీజు వరుసను సరిచూసి, ఒక ప్రత్యేక సంఖ్యతో పేమెంట్ వరుసను "మొదలైంది" అన్న స్థితితో రాసి కమిట్ చేయండి. ఆ తర్వాత, ఏ ట్రాన్సాక్షనూ తెరిచి లేనప్పుడు, కనెక్ట్ కావడానికి 3 సెకన్లు, జవాబుకు 10 సెకన్లు టైమౌట్ ఇచ్చి గేట్‌వేను పిలవండి. జవాబు వచ్చాక రెండవ చిన్న ట్రాన్సాక్షన్‌లో ఆ పేమెంట్ వరుసను లాక్ చేసి స్థితిని మార్చండి. మధ్యలో ప్రాసెస్ చచ్చిపోతే ఏమవుతుందని మీరు అడగవచ్చు. పేమెంట్ వరుస "మొదలైంది" దగ్గరే ఉండిపోతుంది, గేట్‌వే తనంతట తాను పంపే వెబ్‌హుక్ గానీ, కొన్ని నిమిషాలకొకసారి నడిచే సెలరీ పని గానీ ఆ ప్రత్యేక సంఖ్యతో గేట్‌వేను అడిగి స్థితిని తేల్చుకుంటుంది. నిజానికి మీ పాత పద్ధతిలో ప్రమాదం దీనికంటే పెద్దది: డబ్బు వెళ్ళాక మీ వైపు ఎర్రర్ వస్తే ట్రాన్సాక్షన్ మొత్తం వెనక్కి పోయి, చెల్లింపు జరిగిందన్న ఆనవాలే మీ డేటాబేస్‌లో మిగలదు. రసీదు పంపే సెలరీ పనిని కూడా ఆన్ కమిట్ (కమిట్ అయ్యాకే పనిని నడిపే జాంగో ఫంక్షన్) ద్వారానే పిలవండి. లేకపోతే కమిట్ కాకముందే వర్కర్ పనిని అందుకుని, వరుస కనిపించలేదని ఎర్రర్ ఇస్తుంది.

కోడ్ మార్చినంత మాత్రాన కనెక్షన్ల సంఖ్య తగ్గదు, ఎందుకంటే కాన్ మ్యాక్స్ ఏజ్ పద్ధతిలో ట్రాన్సాక్షన్ ముగిసినా కనెక్షన్ ఆ థ్రెడ్ సొత్తుగానే ఉంటుంది. ఇక్కడే పూల్ అవసరం వస్తుంది. జాంగో 5.1 నుంచి, సైకోపీజీ 3 అనే లైబ్రరీతో (పైథాన్‌ను పోస్ట్‌గ్రెస్‌కు కలిపేది), పోస్ట్‌గ్రెస్‌కు సొంత పూల్ సదుపాయం వచ్చింది. ఆప్షన్స్‌లో పూల్ అని పెడితే చాలు, కాన్ మ్యాక్స్ ఏజ్ మాత్రం 0 ఉండాలి. ఒకటి రెండు ప్రాసెస్‌ల అప్లికేషన్‌కు నేను అదే చెబుతాను. మీకు అది చాలదు, రెండు కారణాల వల్ల. మొదటిది, ఆ పూల్ ప్రాసెస్‌కు ఒకటి. మీకు వెబ్ వైపే 15 ప్రాసెస్‌లు ఉన్నాయి, ఒక్కొక్క పూల్‌కు డిఫాల్ట్ అయిన 4 ఇచ్చినా 60 అవుతాయి, సర్వర్లు పెంచిన ప్రతిసారీ అది పెరుగుతుంది. రెండవది, కనెక్షన్ పూల్‌కు తిరిగి వెళ్ళేది రిక్వెస్ట్ ముగిశాకే గానీ కమిట్ అయ్యాక కాదు. గేట్‌వే కోసం ఎదురుచూసే ఆ సెకన్లలో ఏ ట్రాన్సాక్షనూ లేకపోయినా కనెక్షన్ మాత్రం చేతిలోనే ఉంటుంది.

పీజీబౌన్సర్‌ను ట్రాన్సాక్షన్ మోడ్‌లో నడిపితే ఈ రెండూ తీరతాయి. కమిట్ అయిన మరుక్షణం అసలు కనెక్షన్ మరొకరికి వెళుతుంది. డేటాబేస్ సర్వర్ మీదే దాన్ని 6432 పోర్టులో నడపండి. పూల్ మోడ్ ట్రాన్సాక్షన్, మ్యాక్స్ క్లయింట్ కాన్ 500, వెబ్ రోల్‌కు (పోస్ట్‌గ్రెస్ యూజర్‌కు) పూల్ సైజు 12, సెలరీ రోల్‌కు 4, డేటాబేస్ మొత్తానికి మ్యాక్స్ డీబీ కనెక్షన్స్ 20 అని మొదలుపెట్టండి. పీజీబౌన్సర్‌లో పూల్ సైజు ఒక్కొక్క డేటాబేస్, యూజర్ జంటకు విడిగా వర్తిస్తుంది. రెండు రోల్‌లు పెట్టమనడంలో ఉద్దేశం కూడా అదే, రాత్రి నడిచే రిపోర్టులు వెబ్ వైపు వాటాను తినెయ్యకుండా. మ్యాక్స్ క్లయింట్ కాన్ డిఫాల్ట్ 100 మాత్రమే కాబట్టి దాన్ని మార్చడం మరిచిపోతే, పాత ఎర్రరే కొత్త పేరుతో మళ్ళీ ఎదురవుతుంది. పీజీబౌన్సర్ దగ్గర ఖాళీ క్లయింట్ కనెక్షన్ చాలా చవక, కిలోబైట్లలో ఉండే ఖర్చు, అందుకే 500కు వెనకాడనవసరం లేదు. మేనేజ్డ్ డేటాబేస్ అయి దాని మీద ఏమీ ఇన్‌స్టాల్ చేయలేని పరిస్థితి ఉంటే, ఒక చిన్న మెషీన్‌లో విడిగా నడపండి. మూడు అప్లికేషన్ సర్వర్లలో మూడు పీజీబౌన్సర్లు పెడితే పూల్ సైజులన్నిటినీ మూడుతో గుణించుకోవలసి వస్తుంది.

ట్రాన్సాక్షన్ మోడ్‌లో కొన్ని వదులుకోవాలి. ఒక ట్రాన్సాక్షన్‌కూ తర్వాతి దానికీ అసలు కనెక్షన్ మారిపోవచ్చు కాబట్టి, సెషన్‌ను నమ్ముకున్న సంగతులేవీ పనిచేయవు: సెట్ కమాండ్‌తో మార్చిన విలువలు, లిజన్, సెషన్ స్థాయి అడ్వైజరీ లాక్‌లు, ట్రాన్సాక్షన్ దాటి బతకవలసిన తాత్కాలిక టేబుళ్ళు. జాంగోలో మీరు తప్పక చేయవలసినది ఒకటే: డిసేబుల్ సర్వర్ సైడ్ కర్సర్స్ (ఫలితాన్ని కొద్దికొద్దిగా తెచ్చే సర్వర్ కర్సర్లను ఆపే సెట్టింగ్) ట్రూ చేయడం. లేకపోతే ఇటరేటర్ వాడే మీ రిపోర్టులు "కర్సర్ లేదు" అని అప్పుడప్పుడు మాత్రమే విఫలమవుతాయి. అప్పుడప్పుడు మాత్రమే వచ్చే తప్పు ఎప్పుడూ వచ్చే తప్పుకంటే దొరకడం కష్టం. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ల (ముందే సిద్ధం చేసి పదేపదే వాడే క్వెరీల) విషయంలో 2023లో వచ్చిన 1.21 వెర్షన్ నుంచి పీజీబౌన్సర్ ట్రాన్సాక్షన్ మోడ్‌లోనూ ప్రోటోకాల్ స్థాయిలో వాటిని నిర్వహించగలదు. జాంగో వాటిని డిఫాల్ట్‌గా వాడదు కాబట్టి మీకు ఈ చింత లేదు. మైగ్రేషన్లను (టేబుళ్ళ రూపం మార్చే పనులను) మాత్రం పీజీబౌన్సర్ ద్వారా కాక నేరుగా 5432 పోర్టుకు, విడి రోల్‌తో నడపండి.

టైమౌట్ల దగ్గర ఒక నియమం పాటించండి: లోపలి పొర బయటి పొరకంటే ముందు విరమించుకోవాలి. వెబ్ సర్వర్ అయిన ఎన్‌జిన్‌ఎక్స్ డిఫాల్ట్‌గా జవాబు కోసం 60 సెకన్లు ఆగుతుంది, పీజీబౌన్సర్‌లో క్వెరీ వెయిట్ టైమౌట్ 120 సెకన్లు. అంటే విద్యార్థికి ఎర్రర్ పేజీ వెళ్ళిపోయిన తర్వాత కూడా అతని క్వెరీ మరో నిమిషం క్యూలో నిలబడి, చివరికి వంతు వచ్చి, ఎవరికీ అక్కరలేని జవాబును తయారుచేస్తుంది. క్వెరీ వెయిట్ టైమౌట్‌ను 10 సెకన్లు చేయండి. వెబ్ రోల్‌కు స్టేట్‌మెంట్ టైమౌట్ 10 సెకన్లు, లాక్ టైమౌట్ 3 సెకన్లు, ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమౌట్ 30 సెకన్లు పెట్టండి. రిపోర్టులు నడిపే రోల్‌కు స్టేట్‌మెంట్ టైమౌట్ 5 నిమిషాలు ఇవ్వవచ్చు. వీటిని జాంగో కనెక్షన్ ఆప్షన్లలో కాకుండా పోస్ట్‌గ్రెస్‌లోనే ఆల్టర్ రోల్‌తో పెట్టడం మేలు; మధ్యలో పీజీబౌన్సర్ ఉన్నప్పుడు ఆప్షన్ల ద్వారా పంపినవి సరిగా అందవు. రోల్‌కు పెట్టిన విలువలు కొత్తగా తెరిచే సెషన్లకే వర్తిస్తాయి కనుక, మార్చిన తర్వాత పీజీబౌన్సర్ అడ్మిన్ కన్సోల్‌లో రీకనెక్ట్ కమాండ్ ఇవ్వాలి. వర్క్ మెమ్ కూడా ఇలాగే: మొత్తం సర్వర్‌కు 16 ఎంబీ చేసి, రిపోర్టుల రోల్‌కు మాత్రం 64 ఉంచండి.

అప్లికేషన్ వైపు కనెక్ట్ టైమౌట్‌ను 5 సెకన్లు చేయండి. కాన్ మ్యాక్స్ ఏజ్ 60కి తగ్గించి, కాన్ హెల్త్ చెక్స్‌ను ట్రూ చేయండి, 4.1 నుంచి ఉన్న ఈ సెట్టింగ్, రిక్వెస్ట్‌లో మొదటిసారి కనెక్షన్ వాడే ముందు అది బతికి ఉందో లేదో చూసి, లేకపోతే కొత్తది తెరుస్తుంది. ఉదయం మొదటి రిక్వెస్టుకు మాత్రమే ఎర్రర్ వస్తోందని మీరు చివర్లో రాసినదానికి కారణం చాలావరకు ఇక్కడే ఉంటుంది. మధ్యలోని నెట్‌వర్క్ పరికరాలు కొంతసేపు కదలిక లేని కనెక్షన్లను చెప్పకుండా మరిచిపోతాయి. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) నాట్ గేట్‌వేలో ఆ గడువు 350 సెకన్లు. లినక్స్ మాత్రం కనెక్షన్ బతికి ఉందో లేదో చూసే కీప్‌అలైవ్ ప్యాకెట్ పంపడానికి డిఫాల్ట్‌గా 7200 సెకన్లు ఆగుతుంది. కీప్‌అలైవ్స్ ఐడిల్‌ను 60 చేస్తే ఆ ఖాళీ పూడుతుంది.

భద్రత గురించి మీరు అడగలేదు, అయినా సెట్టింగ్స్ ఫైల్ అతికించారు కాబట్టి మూడు మాటలు. మీ అప్లికేషన్ పోస్ట్‌గ్రెస్ అనే సూపర్‌యూజర్‌గా కనెక్ట్ అవుతోంది. దీనివల్ల కేటాయించి ఉంచిన ఆ 3 స్థానాలను కూడా అప్లికేషనే తినేసి, అత్యవసరంలో మీరు లోపలికి వెళ్ళి చూసే దారి మూసుకుపోతుంది. వెబ్, సెలరీ, మైగ్రేషన్లకు వేరువేరు మామూలు రోల్‌లు చేసుకోండి. ఎస్ఎస్ఎల్ మోడ్ ఇవ్వకపోతే డిఫాల్ట్ ప్రిఫర్. అది కుదరకపోతే చెప్పకుండా ఎన్‌క్రిప్షన్ లేకుండానే కనెక్ట్ అవుతుంది, కనుక అప్లికేషన్ నుంచి పీజీబౌన్సర్‌కు వెరిఫై ఫుల్ (ఎన్‌క్రిప్షన్‌తో పాటు సర్వర్ గుర్తింపునూ సరిచూసేది) పెట్టి రూట్ సర్టిఫికెట్ ఫైల్ చూపించండి. పాస్‌వర్డ్‌ను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు తరలించండి, అతికించినది ఎలాగూ బయటపడింది కనుక వెంటనే మార్చండి. డేటాబేస్ యూఆర్ఎల్ రూపంలో రాసేటట్లయితే పాస్‌వర్డ్‌లోని @ గుర్తును %40 అని రాయాలి, లేకపోతే ఆ గుర్తు చుట్టూ ముక్కలైపోయిన చిరునామాతో ఎక్కడికో కనెక్ట్ కావడానికి ప్రయత్నిస్తుంది.

మీ సహోద్యోగి మైఎస్‌క్యూఎల్‌కు మారితే ఈ బాధ ఉండదన్నారట. అక్కడ కనెక్షన్‌కు థ్రెడ్ కాబట్టి ఒక్కొక్కటి తేలికే. మ్యాక్స్ కనెక్షన్స్ డిఫాల్ట్ 151. కానీ గేట్‌వే కోసం వరుస లాక్‌ను 15 సెకన్లు పట్టుకుంటే అక్కడా అంతే జరుగుతుంది.

పనిని ఏ వరుసలో చేయాలన్నది కూడా ముఖ్యమే. పేమెంట్ వ్యూను ముందు మార్చి డిప్లాయ్ చేయండి, ఎందుకంటే దాన్ని మార్చకుండా పూల్‌ను 12కు బిగిస్తే, గేట్‌వే నెమ్మదించిన రోజున ఆ పన్నెండూ చెల్లింపుల చేతిలో చిక్కి, లాగిన్ పేజీ కూడా తెరుచుకోదు. తర్వాత రోల్‌లు, టైమౌట్లు. ఆ తర్వాత పీజీబౌన్సర్, మొదట ఒక్క అప్లికేషన్ సర్వర్‌కే. అంతా దాని మీదికి వచ్చాకనే మ్యాక్స్ కనెక్షన్స్‌ను 100కు దించండి. దానికి పోస్ట్‌గ్రెస్ రీస్టార్ట్ అవసరం కాబట్టి రద్దీ లేని వేళ చూసుకోండి. గడువు రోజున పీజీబౌన్సర్ కన్సోల్‌లో షో పూల్స్ ఇచ్చి రెండు గడులు చూడండి: సీఎల్ వెయిటింగ్ అంటే క్యూలో ఉన్నవారు, మ్యాక్స్ వెయిట్ అంటే వారిలో అందరికంటే ముందు నుంచి ఉన్నవారు ఎన్ని సెకన్లుగా ఆగారన్నది. సీఎల్ వెయిటింగ్ అప్పుడప్పుడు పెరిగి మ్యాక్స్ వెయిట్ సున్నా దగ్గరే ఉంటే ఏమీ ముట్టుకోవద్దు. మ్యాక్స్ వెయిట్ సెకన్లకు చేరి, అదే సమయంలో డేటాబేస్ సీపీయూ సగం ఖాళీగా ఉంటే, ముందు ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ ఎన్ని ఉన్నాయో చూడండి. ఉంటే ఏదో మరొక వ్యూ గేట్‌వే లాంటి పని చేస్తోందన్నమాట, లేకపోతే పూల్‌ను 12 నుంచి 16కు పెంచి చూడండి. సీపీయూ అప్పటికే నిండి ఉంటే పూల్ పెంచడం వల్ల ప్రయోజనం లేదు. పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ (క్వెరీల గణాంకాలు ఇచ్చే ఎక్స్‌టెన్షన్)లో మొత్తం సమయం ఎక్కువ తింటున్న క్వెరీని తీసుకుని, దాని ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ ఫలితంతో మరొక ప్రశ్న అడగండి.